చిత్తూరు సీమలో గిరిమిట్ పూర్వీకుల అన్వేషణ

దక్షిణాఫ్రికా, ఫిజీ, మారిషస్ దేశాల్లో స్థిరపడిన దక్షిణాది కుటుంబాలు తమ ముత్తాతలు ఏ ఊళ్లో పుట్టి ఓడెక్కారో తెలుసుకోవడానికి చేసే పరిశోధనలో చిత్తూరు, తిరుపతి ప్రాంతం తరచుగా తగులుతుంది. ఇక్కడినుంచి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఒప్పంద కూలీలు. ఐదేళ్లు ఫలానా తోటలో పనిచేస్తామని ఒప్పుకున్న పత్రం ‘అగ్రిమెంటు’. అది నోళ్లలో నలిగి గిరిమిట్ అయింది. వెళ్లినవాళ్లు గిరిమిటియాలయ్యారు.

దక్షిణాఫ్రికాలోని నేటాలుకు తొలి ఓడ ‘ట్రూరో’ 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరి, నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. అప్పటినుంచి 1911 దాకా 384 ఓడ ప్రయాణాల్లో 1,52,184 మంది నేటాలుకు వెళ్లారు. వీళ్లలో రమారమి మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులోనే ఓడెక్కారు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా వెళ్లారు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆ దారిన వెళ్లిన సుమారు 15 వేల మంది దక్షిణాది వాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లదే పెద్ద వాటా. మారిషస్ వలస అన్నిటికన్నా పాతది. 1834లో మొదలై, నాలుగున్నర లక్షల మందిని దాటింది. అయితే అక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది విశాఖ, గంజాం వైపు వాళ్లు.

ఈ సీమవాళ్లు ఇంతమంది కదలడానికి కరువులు, అప్పులు, రైలు మూడూ కారణమే. దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు పక్కన వాలాజా రోడ్డు దాకా నడిచింది. చిత్తూరు వైపు కూలీవాడు రెండు మూడు రోజులు నడిచి ఆ రైలు అందుకుంటే మర్నాటికి, కూలీల్ని ఓడెక్కేదాకా ఉంచే మద్రాసు డిపోలో ఉండేవాడు. 1876–78 నాటి ధాతు కరువు రాయలసీమనూ ఆర్కాటునూ కలిపి ఊడ్చేసింది. నేటాలు వలస 1866లో ఆగి 1874లో మళ్లీ మొదలైంది కాబట్టి, ఊళ్లు ఎండిపోయేనాటికి మద్రాసులో కూలీల్ని కుదిర్చే మేస్త్రీలు, డిపోలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

చిత్తూరు జిల్లా లేని కాలం

ఈ అన్వేషణలో మొదట తెలియాల్సింది వంశవృక్షం గురించి కాదు, పటం గురించి. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. నేటాలుకు కూలీల్ని పంపడాన్ని భారత ప్రభుత్వం అదే ఏడు జులై 1 నుంచి నిషేధించింది. మధ్యలో ఉన్నది మూడు నెలలే. అంటే నేటాలు జాబితాల్లో ‘చిత్తూరు జిల్లా’ అని వెతికే మనిషికి దాదాపు ఏమీ దొరకదు. దొరికేదంతా నార్త్ ఆర్కాట్, లేదా కడప. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పుడు కడప జిల్లాలో ఉండేవి. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలూ కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది జమీందారీలూ ఉత్తర ఆర్కాటువి. తిరుపతి చంద్రగిరి తాలూకాలో ఒక ఊరు. ఫిజీ ఓడలు 1916 దాకా నడిచాయి కనుక చివరి ఐదేళ్ల వలస పాసుల్లో మాత్రం చిత్తూరు జిల్లా అని కనిపించే వీలుంది.

తిరకాసు అక్కడితో తీరదు. వేలూరు, ఆర్కాటు, పోలూరు, వందవాసి, గుడియాత్తం, వాలాజా తాలూకాలు కూడా ఉత్తర ఆర్కాటువే. కాబట్టి కాగితం మీద నార్త్ ఆర్కాట్ అని ఉన్నంతమాత్రాన ముత్తాత తెలుగువాడని చెప్పలేం, తమిళుడనీ చెప్పలేం. పైగా 1911 వరకు ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరే. 1883 నాటి వలస చట్టం ప్రకారం కూలీ పేరును అధికారి ముందు రిజిస్టరు చేయించాలి. అందుకని ఒక పేరు పక్కన ‘చిత్తూరు’ అని కనబడితే అది పుట్టిన ఊరా, పేరు ఎక్కించిన ఊరా అన్నది విడిగా తేల్చుకోవాలి. దీన్ని పట్టించుకోక చిత్తూరు టౌనులో వీధి వీధీ తిరిగి నిరాశతో వెనక్కి పోయిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఊరు బహుశా ఇరవై మైళ్ల అవతల ఉండి ఉంటుంది.

తర్వాతి మార్పులూ లెక్కలోకి వస్తాయి. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు మీద వచ్చిన పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు మద్రాసు రాష్ట్రానికి పోయాయి. చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రకు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా, అన్నమయ్య జిల్లా ఏర్పడ్డాయి. నెల్లూరు నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాలో చేరాయి. ఈ లెక్కన 1890లో ‘నార్త్ ఆర్కాట్, కార్వేటినగరం’ అని రాసుకున్న ఊరు ఈరోజు చిత్తూరు జిల్లాలోనో, తిరుపతి జిల్లాలోనో, తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలోనో ఉండొచ్చు.

పాత ఊళ్ల పేర్లకు నమ్మకమైన ఆధారం ఆర్థర్ కాక్స్ రాసి, హెరాల్డ్ స్టూవర్ట్ 1890లలో తిరగరాసిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్. తిరుపతిని ‘ట్రిపెట్టి’ అనీ, కాళహస్తిని ‘కాలాస్త్రి’ అనీ రాసుకున్న రోజులవి. ఇంగ్లీషు గుమాస్తాలు ఏ ఊరిని ఎలా విన్నారో తెలియడానికి ఆ మాన్యువల్‌ను పక్కనపెట్టుకుని జాబితాలు చదవడం మంచిది. కొత్తపల్లె, గొల్లపల్లె, రామాపురం లాంటి పేర్లు మాత్రం తాలూకా తెలియకపోతే పనికిరావు. అలాంటి ఊళ్లు ఈ సీమలో పదుల కొద్దీ ఉన్నాయి.

నంబరు, పాసు, పుట్టుమచ్చ

వెళ్లిన దేశంలోని కాగితం గట్టిది. నేటాలులో దిగిన ప్రతి కూలీకి ఒక వలస సంఖ్య ఇచ్చేవాళ్లు. పెళ్లి, పిల్లల పుట్టుక, ఒప్పందం తీరాక ఇచ్చే పాసు, మరణం, అన్నిటి మీదా ఆ సంఖ్యే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో పని మొదలుపెట్టేవాళ్లు మునిమనవడి జనన పత్రం నుంచి వెనక్కి ఒక్కో మెట్టూ దిగుతూ ఆ సంఖ్య దాకా రావాలి. సంఖ్య దొరికితే ఓడ దొరుకుతుంది, ఓడ దొరికితే ఊరు దొరుకుతుంది. రిజిస్టర్లు డర్బన్‌లోని ప్రభుత్వ పత్రాగారంలో ఉన్నాయి. వాటినుంచి తయారైన సమాచార నిధిని క్వాజులు–నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ–లుథూలీ కేంద్రం అందుబాటులో ఉంచింది. ఈ జాబితాల్ని జిల్లాలవారీగా, కులాలవారీగా లెక్కగట్టి సురేంద్ర భానా 1991లో వెలువరించిన పుస్తకం ఈ రంగంలో పునాది రాయి.

ఫిజీ పాసు ఇంకా వివరమైనది. మనిషికో కాగితం. ఓడ పేరు, డిపో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, దగ్గరి బంధువు పేరు, పెళ్లయితే ఎవరితో అయిందీ, ఎత్తు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు, ఒంటిమీద గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ, నుదుటి మీద పచ్చబొట్టు లాంటివి ఆ చివరి గడిలో ఉంటాయి. కింద డిపో డాక్టరు సంతకం, షరతులు ఇతనికి వివరించాం, ఇష్టపడే వెళుతున్నాడు అని వలస రక్షకాధికారి సంతకం. ‘సంగోలా’, ‘సంథియా’ లాంటి ఓడల్లో వెళ్లినవాళ్ల పాసులు సూవాలోని ఫిజీ జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. మారిషస్‌లో వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ 1860ల నుంచి కూలీల ఫొటోలు కూడా తీశారు కాబట్టి కొన్ని కుటుంబాలకు ముత్తాత ముఖం సైతం దొరుకుతుంది. నేటాలు వాళ్లకు ఆ అదృష్టం లేదు.

ఈ గడుల్లో అన్నిటినీ ఒకేలా నమ్మకూడదు. ఎత్తు కొలిచి రాసింది. వయసు మాత్రం చూపుకు తోచినట్టు రాసింది. 20, 25, 30 అంటూ గుండ్రటి అంకెలు అంత ఎక్కువగా కనిపించడం అందుకే. కులం గడిలో రాసింది చెప్పినవాడి మాట, విన్నవాడి అవగాహన కలిసిన ముద్ద. పాత మద్రాసు ఇంగ్లీషులో తెలుగువాణ్ణి జెంటూ అనేవాళ్లు. ఆ మాట కనబడితే అది భాషకు గుర్తే తప్ప కులం కాదు. అప్పులవాళ్ల కళ్లుగప్పి పారిపోయినవాడు తండ్రి పేరు మార్చి చెప్పి ఉండొచ్చు. ఊరి పేరు మార్చి చెప్పడం అంతకన్నా అరుదనే అనుకోవాలి. గట్టిగా పట్టుకోవాల్సినవి ఊరు, తాలూకా, దగ్గరి బంధువు పేరు.

ఆడవాళ్ల కథ వేరు. ప్రతి 100 మంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఓడలో ఉండాలన్న నిబంధన వల్ల మద్రాసు డిపోల్లోనే చాలా జంటలు కలిశాయి. పాసు మీద ‘భార్య’ అని ఉన్నా ఆమెది భర్త ఊరు కానక్కర్లేదు, భర్త జిల్లా కూడా కానక్కర్లేదు. చంద్రగిరి మనిషికి విశాఖపట్నం భార్య ఉండటంలో వింతేమీ లేదు. వంశవృక్షాలు గీసేవాళ్లు మగవాడి ఊరు దొరకగానే ఆగిపోతారు. నిజానికి ముత్తవ్వ పాసు విడిగా తీసి చూస్తే సగం చరిత్ర ఆ కాగితంలోనే ఉంటుంది.

చెంగల్రాయుడు ఎక్కడివాడు

ఓడ జాబితాల్లో ఇంటిపేర్లు ఉండవు. ఒక పేరు, తండ్రి పేరు, అంతే. నేటాలులో తర్వాతి తరాలకు తాతపేరే ఇంటిపేరైంది. కొందరు నాయుడు, రెడ్డి, మొదలియార్ లాంటి బిరుదుల్ని ఎంచుకున్నారు. అందుకే దక్షిణాఫ్రికాలో ‘నాయుడూ’ అన్న పేరు ఉన్నంతమాత్రాన కమ్మనో బలిజో అని తీర్మానించుకోకూడదు. ఒకే తోటలో పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు రెండు వేర్వేరు ఇంటిపేర్లతో బతకడమూ ఉంది.

అయినా పేర్లు ఊరికే పోవు. సింహాచలం, అప్పలస్వామి, అప్పన్న అని కనబడితే ఆ కుటుంబం విశాఖ వైపుదని చిత్తూరులో పిల్లాడైనా చెబుతాడు. మునిస్వామి, మునిరత్నం, మునెమ్మ, గంగమ్మ, ఎల్లమ్మ అంటే చూపు ఇటు తిప్పాలి. అన్నిటికన్నా మంచి ఆనవాలు చెంగల్రాయుడు. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామికి చెంగల్వరాయుడని పేరు. ఆ పేరు పెట్టుకునే అలవాటు తిరుత్తణి, నగరి, పుత్తూరు చుట్టుపక్కల బలంగా ఉంది. డర్బన్ టెలిఫోన్ డైరెక్టరీలో ‘చెంగల్‌రాయన్’ అని కనిపించే ఇంటిపేరు వెనుక ఆ కొండ ఉంది. అలాగే ‘మూన్‌సామి’ అంటే మునిస్వామి, ‘కిష్ట్నసామి’ అంటే కృష్ణస్వామి. ఇంగ్లీషు గుమాస్తా చెవిలోంచి బయటపడిన తెలుగు పేరును మళ్లీ తెలుగు నోటితో గట్టిగా పలికి చూడటం ఈ పనిలో చవకైన పనిముట్టు. కాగితం మీద అర్థం కానిది పైకి చదివితే తేలిపోతుంది.

పేర్లతో పాటు పూజలు కూడా దారి చూపిస్తాయి. చిత్తూరు పల్లెల్లో పెరటాసి నెల శనివారాలకు మాంసం మాని, వెంకటేశ్వరస్వామికి తళిగ (నైవేద్యం) వేస్తారు. దక్షిణాఫ్రికా కుటుంబాల్లో ‘పుర్టాసి’ నెల ఉపవాసాలు ఈరోజుకీ గట్టిగానే నడుస్తున్నాయి. ద్రౌపదమ్మ కొలువు మరో సంగతి. పుత్తూరు, నగరి వైపు ధర్మరాజుల గుళ్లలో భారతం చెప్పించి, అర్జునుడు తపసుమాను ఎక్కాక, నేలమీద మట్టితో పరిచిన దుర్యోధనుణ్ణి భీముడు కూల్చాక చివరిరోజు అగ్నిగుండం తొక్కుతారు. ఆ నిప్పులు తొక్కే మొక్కు నేటాలుకూ ఫిజీకీ మారిషస్‌కూ వెళ్లింది. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో అది గుడ్ ఫ్రైడే రోజున జరుగుతుంది. తోటల్లో పనిచేసేవాళ్లకు సెలవు దొరికేది ఆ రోజుల్లోనే. అయితే ఇలాంటి ఆచారాలు ఆర్కాటు, చెంగల్పట్టు సీమ అంతటా ఉన్నాయి. ప్రాంతాన్ని చూపిస్తాయే గానీ ఊరిని చూపించవు. ఇంట్లో అవ్వ చెప్పిన ‘ఏడుకొండలవాడి పక్క ఊరు’ కూడా అంతే. దూరదేశంలో తిరుపతి పక్క ఊరంటే వంద మైళ్ల పరిధి.

ఊరు చేరాక

ఊరి పేరు దొరికాక ఎదురయ్యే చిక్కు అర్థం కావడానికి ఐర్లండుతో పోలిక పనికొస్తుంది. అక్కడ పూర్వీకుల వేట పెద్ద వ్యవహారం. 1845–52 కరువులో అమెరికాకు వెళ్లినవాళ్ల సంతతికి ఓడ జాబితాలు, అమెరికా జనాభా లెక్కలు బాగానే దొరుకుతాయి. చిక్కంతా ఇంటిదగ్గరే. డబ్లిన్‌లోని ప్రభుత్వ పత్రాగారం 1922 అంతర్యుద్ధంలో తగలబడి, 1821 నుంచి 1851 వరకు ఉన్న జనాభా లెక్కల్లో దాదాపు అన్నీ బూడిదయ్యాయి. ఆ తర్వాతి నాలుగింటిని ప్రభుత్వమే పారేసింది. పూర్తిగా మిగిలినవి 1901, 1911వి. దాంతో 1847–64 మధ్య పన్ను కోసం చేసిన గ్రిఫిత్ భూముల మదింపే జనాభా లెక్కకు బదులుగా నిలిచింది. అక్కడా తాళంచెవి ఊరి పేరే. 60 వేలకు పైగా ఉన్న టౌన్‌ల్యాండ్లనే చిన్న చిన్న భూవిభాగాల్లో మీది ఏదో తెలియనిదే ముందుకు పోలేరు.

మన దగ్గరా వెళ్లిన దేశం కాగితం బలం, పుట్టిన ఊరి కాగితం బలహీనం. కారణం మాత్రం నిప్పు కాదు. భూమి లేనివాడి పేరు రాయాల్సిన అవసరం ఇక్కడ ఎవరికీ కలగలేదు. రైతు ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే రైత్వారీ ఊళ్లలో, శిస్తు నిర్ణయించిన సెటిల్‌మెంటు రోజుల డైగ్లాట్ (రెండు భాషల) రిజిస్టరులో పట్టాదారు పేరు, సర్వే నంబరు ఉంటాయి. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాల్లో కాస్తో కూస్తో భూమి ఉన్న ఇల్లయితే అన్నదమ్ముల పేర్లు దొరికే అవకాశం ఉంది. కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు జమీందారీ ఊళ్లలో ఆ దారీ మూసుకుపోయినట్టే. అక్కడ ప్రభుత్వ భూమి రికార్డు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సరిగా మొదలైంది. ఇక ఓడెక్కినవాళ్లలో పెద్ద భాగమైన మాల, మాదిగ, పరయ కూలీలకు ఏ రిజిస్టరులోనూ చోటు లేదు. వాళ్లలో క్రైస్తవం తీసుకున్న కుటుంబాలది కొంత మేలు. స్కడ్డర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాట్ మిషన్ చిత్తూరు, పలమనేరు, మదనపల్లెల్లో పనిచేసింది. బాప్తిస్మం, పెళ్లి పుస్తకాలు అలాంటి చర్చిల్లో అడగాలి.

వంశావళి నోటితో చెప్పే వృత్తివాళ్లు ఈ సీమలో ఉన్నారు. పూర్వం పిచ్చిగుంట్లవాళ్లన్న, ఇప్పుడు వంశరాజ్ అంటున్న కులంవాళ్లు రెడ్డి, కమ్మ కుటుంబాల గోత్రాలూ ఇంటిపేర్లూ తరాలవారీగా అప్పజెబుతారు. మాదిగల పుట్టుపూర్వోత్తరాలు డక్కలివాళ్లు చెబుతారు. అయితే అది వాళ్లకు మిరాశీ (వంశపారంపర్యంగా ఇచ్చే కట్నం) ఇచ్చే ఇంటి వంశం. ఊరు విడిచి పోయి తిరిగిరాని తమ్ముడి పేరు అందులో నిలుస్తుందని ఆశ పెట్టుకోకూడదు.

మద్రాసు ప్రభుత్వ వలస ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారంలో ఉన్నాయి. 1911కు ముందు జిల్లా కాగితాలకూ అక్కడికే వెళ్లాలి. వంశపారంపర్య కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఊళ్లోని పాత లెక్కల్లో తహసీల్దారు కచేరీకి చేరినవి చేరాయి. కొన్ని కరణం ఇంటి అటక మీదే ఉండిపోయాయి. ఊరికి వెళ్లినప్పుడు సచివాలయం తర్వాత తట్టాల్సిన తలుపు పాత కరణం వారసులదే.

భారత ప్రభుత్వం విదేశాల్లోని తన దౌత్య కార్యాలయాల ద్వారా మూలాల్ని వెతికిపెట్టే ‘ట్రేసింగ్ ది రూట్స్’ పథకం 2008లో మొదలైంది. అప్పట్లో రుసుము 30,000 రూపాయలు. ఫలితం రాకపోతే 20,000 తిరిగి ఇచ్చే ఏర్పాటు చేశారు. విదేశీ భారత పౌరసత్వ కార్డు కోసం భారత సంతతి రుజువు అడగడంతో కాగితాల వేటకు ఈమధ్య ఊపు వచ్చింది. అలాంటి రుజువుకు ఓడ జాబితా, పాసు నకలే ఎక్కువ పనికొస్తాయి. డీఎన్ఏ పరీక్ష మీద ఇంకా పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. చిత్తూరు పల్లెల్లో పరీక్ష చేయించుకున్నవాళ్లే లేకపోతే పోల్చడానికి ఎవరున్నారు? చివరికి అది దక్షిణ భారతం అని చెబుతుంది.

డబ్బు తీసుకుని ‘మీ చుట్టాలు వీళ్లే’ అని ఒక ఇంటిని చూపించే దళారీలు తిరుపతిలో దొరుకుతారు. దర్శనానికి వచ్చినవాళ్లు తిరుగు విమానంలోపు బంధువుల్ని కూడా చూసుకోవాలనుకోవడం వాళ్లకు వాటం. పాసు మీది తండ్రి పేరు, దగ్గరి బంధువు పేరు ముందే చెప్పకుండా, అవతలి ఇంట్లోంచే ఆ పేర్లు రాబట్టడం ఒక్కటే ఇక్కడ పనికొచ్చే పరీక్ష. అసలైన బంధువులకు ఉండే భయం వేరు. నూరేళ్ల తర్వాత వచ్చిన మనిషి భూమిలో భాగం అడుగుతాడేమోనని తలుపు సగమే తెరుస్తారు. వచ్చింది ఫొటోల కోసం, పేర్ల కోసమేనని మొదటి పది నిమిషాల్లో చెప్పేస్తే మాట కలుస్తుంది.

కంగాణీ దారిన పోయినవాళ్లు

ఇదంతా గిరిమిట్ మీద వెళ్లినవాళ్ల మాట. సింహళ తేయాకు తోటలకూ మలయా రబ్బరు తోటలకూ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది కంగాణీ వెంట పోయినవాళ్లే. తోటలో కూలీల మేస్త్రీ అయిన కంగాణీ తన ఊరికి వచ్చి బయానా ఇచ్చి, చుట్టుపక్కల వాళ్లను గుంపుగా తీసుకుపోయేవాడు. మనిషికో పాసు, వలస సంఖ్య, ఒంటి గుర్తులు రాసే పద్ధతి ఆ దారిలో లేదు. మలయాలో 1907లో వలస నిధి పెట్టాక ప్రయాణ ఖర్చుల లెక్కలు పెరిగాయి గానీ, అవి మనిషి ఊరిని పట్టించుకునే లెక్కలు కావు. ఆ కుటుంబాలకు తోట పేరు, కంగాణీ పేరు తెలిస్తే అదే ఆస్తి. ఒకే కంగాణీ కింద పనిచేసినవాళ్లలో చాలామంది ఒకే నాలుగైదు ఊళ్లవాళ్లు కాబట్టి, తమ ఇంటి కాగితం లేకపోయినా పొరుగు లయన్‌లో (కూలీల గదుల వరసలో) ఉన్న కుటుంబానికి ఊరు దొరికితే తమ ఊరూ ఆ చుట్టుపక్కలే ఉంటుందని అక్కడినుంచి వెతకడం మొదలుపెట్టవచ్చు.